60 వేల జనాభా మున్సిపాలిటీకి ఐదేళ్ల ప్రణాళిక: ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈశాన్యవార్డు (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. ఏ ఊరి పేరూ వద్దు, లెక్క కోసం ఒక ఊరిని అనుకుందాం. జనాభా 60 వేలు, ఇళ్లు 15 వేలు, వార్డులు 36. నీళ్లు నది నుంచి పంపు చేసి తెస్తారు. భూగర్భ డ్రైనేజీ లేదు, సైడు కాలువలే. డంపింగ్ యార్డు నిండిపోయింది. ఆంధ్రాలోనైనా తెలంగాణలోనైనా ఇలాంటి ఊళ్లు బోలెడు.

ఐదేళ్ల ప్రణాళిక అడిగితే మామూలుగా జరిగేది ఇదీ: వార్డుకో కాగితం ఇస్తారు, కౌన్సిలర్లు తలా నాలుగు పనులు రాస్తారు, ఇంజినీరింగ్ సెక్షన్ వాటికి ఎస్టిమేట్లు వేసి కూడేస్తుంది. 36 వార్డులంటే 36 సీసీ రోడ్లు, 36 కాలువలు. అది కొనుగోళ్ల చీటీ. ప్రణాళిక అనలేం. సరైన వరుస ఏమిటో, ఏ లెక్కతో మొదలుపెట్టాలో, ఎవరి బాధ్యత ఎంతో తెలిసినవారు రాయండి. ఉపన్యాసాలు వద్దు, అంకెలు కావాలి.

---

ఎం_బుక్

మొదటి లెక్క జనాభాదే. అక్కడే తప్పు మొదలవుతుంది. మన చేతిలో ఉన్న చివరి జనగణన 2011 నాటిది. దాన్ని ఏదో ఒక శాతంతో పెంచుకుంటూ పోతే శివారు కాలనీలు లెక్కలోకి రావు. మూడు సంఖ్యలు పక్కపక్కన పెట్టి చూడండి: ఆస్తి పన్ను అసెస్‌మెంట్లు, గృహ విద్యుత్ సర్వీసులు, గ్యాస్ కనెక్షన్లు. విద్యుత్ సర్వీసులు 15 వేలుండి అసెస్‌మెంట్లు 12 వేలే ఉంటే, పన్ను పడని కట్టడాలు ఎన్నో మీకు అక్కడే తెలిసిపోతుంది. ఒకే ఇంటికి రెండు మీటర్లుంటాయి, కాబట్టి తేడా మొత్తం ఎగవేతేనని అనుకోవద్దు.

తర్వాత నీళ్లు. తలకు రోజుకు 135 లీటర్ల చొప్పున 60 వేల మందికి 81 లక్షల లీటర్లు, అంటే 8.1 ఎంఎల్‌డీ (రోజుకు పది లక్షల లీటర్లు ఒక ఎంఎల్‌డీ). దారిలో 15 శాతం పోతుందనుకుంటే 0.85తో భాగించాలి: 9.5 ఎంఎల్‌డీ. చాలామంది 8.1కి 15 శాతం కలిపి 9.3 అంటారు, అది తప్పు లెక్క.

ఇది ఈ రోజు అవసరం. సీపీహెచ్ఈఈఓ (కేంద్రం వారి ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ) 1999 మాన్యువల్ ప్రకారం పంపులు, శుద్ధి కేంద్రం, ట్యాంకులు 15 ఏళ్లకు, పైపులైన్లు 30 ఏళ్లకు సరిపడేలా వేయాలి. ఏటా 2 శాతం పెరుగుదల అనుకుంటే 15 ఏళ్లకు జనాభా 80,700 దాటుతుంది, అవసరం 12.8 ఎంఎల్‌డీకి చేరుతుంది. అలాగని పంపులు ఇప్పుడే 12.8కి బిగిస్తే పదేళ్లపాటు పూర్తి సామర్థ్యం కన్నా తక్కువలో నడిచి కరెంటు తింటాయి. సివిల్ కట్టడం మాత్రం పూర్తి అవసరానికి కట్టి, పంపుసెట్లు విడతలుగా పెట్టుకోవడం మేలు.

ఇప్పుడు ఎవరూ వేయని లెక్క. 9.5 ఎంఎల్‌డీని 16 గంటల్లో పంపు చేయాలంటే సెకనుకు 165 లీటర్లు. ఘర్షణతో కలిపి మొత్తం ఎత్తు 60 మీటర్లు, పంపు–మోటారు సామర్థ్యం కలిపి 70 శాతం అనుకోండి. 139 కిలోవాట్లు కావాలి. రోజుకు 2,220 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు వేసుకున్నా ఏడాదికి సుమారు 57 లక్షలు, డిమాండ్ చార్జీలు (కనెక్షన్ లోడును బట్టి నెలనెలా కట్టేవి) కాకుండా. ఇంపెల్లర్ (పంపులో నీటిని తోసే చక్రం) అరిగి సామర్థ్యం 55 శాతానికి పడిపోతే అదే నీటికి ఏటా ఇంకో 15 లక్షలు అదనం. ప్రణాళికలో ఏ పని రాసినా పక్కన "ఏటా నడిపే ఖర్చు" అని ఇంకో గడి పెట్టండి. ఆ గడి ఖాళీగా ఉన్న పనిని కౌన్సిల్ ముందుకు తేవద్దు.

---

చెరువుకట్ట

ఎం_బుక్ సారు లెక్క మంచిగున్నది గని ఒక్క ముచ్చట. 135 లీటర్లు భూగర్భ డ్రైనేజీ ఉన్న ఊర్లకు. 1999 మాన్యువల్‌ల డ్రైనేజీ లేని పట్నాలకు 70 లీటర్లే రాసున్నది. అట్ల చూస్తే 60 వేల మందికి 4.2 ఎంఎల్‌డీనే. డ్రైనేజీ లేని ఊరికి 135 లీటర్లు ఇస్తే ఆ నీళ్లల్ల ఎనభై శాతం మురుగై సైడు కాలువలకే వస్తది. నీళ్ల పథకం వచ్చినంక దోమలు పెరిగినయంటరు, ఎందుకు పెరగవు?

ఇంకోటి, తెలంగాణల అయితే మిషన్ భగీరథ నీళ్లు బల్కుగ ట్యాంకు దాంక వస్తయి. అక్కడి నుంచి ఇంటింటికి పంచుడు మున్సిపాలిటీ పని. గంతవరకైతే నది పంపింగ్ లెక్క మనకు పడదు, పంపిణీ లెక్కనే పడతది.

---

ఎం_బుక్

చెరువుకట్ట గారూ, 70 అంకె నిజమే. కానీ 2008లో కేంద్రం ఇచ్చిన సేవా ప్రమాణాల్లో లక్ష్యం 135 లీటర్లే, డీపీఆర్‌లు (పథకం వివరమైన నివేదికలు) కూడా దానికే అడుగుతారు. 70కి పైపులు వేస్తే రేపు డ్రైనేజీ వచ్చినప్పుడు మళ్లీ రోడ్లు తవ్వాలి. నా మాట ఇది: పైపు 135కి, ఈ రోజు పంపకం 90–100కి. మీరన్న రెండో మాట మాత్రం ఒప్పుకోక తప్పదు. నీటి పథకంతోపాటే మురుగు ఎటు పోతుందో చూపించని డీపీఆర్ సగం డీపీఆరే.

---

డీసీబీ_రిజిస్టర్

ఇంజినీర్లు ఎప్పుడూ పైపుతో మొదలుపెడతారు. నేను పద్దుతో మొదలుపెడతా.

లెక్కకు 15 వేల అసెస్‌మెంట్లు, సగటు ఏడాది పన్ను 2,500 రూపాయలు అనుకుందాం. డిమాండ్, అంటే రావాల్సిన పన్ను, 3.75 కోట్లు. 70 శాతం వసూలైతే 2.62 కోట్లు. మిగతా 1.13 కోట్లు ఏటా బకాయిలో చేరుతూ పోతాయి. బడ్జెట్‌లో మాత్రం డిమాండ్ మొత్తాన్ని ఆదాయంగా రాసేస్తారు. సగం కష్టాలకు ఇదే మూలం. గత మూడేళ్ల వసూలు సగటును మాత్రమే ఆదాయంగా రాయండి. పాత బకాయిల వసూలును వేరే పద్దులో చూపించండి. దాన్ని జీతాలకు వాడితే వచ్చే ఏడు గోతిలో పడతారు.

ఆంధ్రాలో 2021 ఏప్రిల్ నుంచి పన్ను అద్దె విలువ మీద కాదు, మూలధన విలువ (ఆస్తి ధర) మీద. నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం మధ్య రేటు పెట్టే అవకాశం ఉంది, ఏడాదికి పెంపు 15 శాతం మించకుండా అడ్డుకట్ట కూడా ఉంది. ఏప్రిల్ నెలాఖరులోపు ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం తగ్గింపు, ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ. ఏప్రిల్‌లో వచ్చే ఆ డబ్బే మున్సిపాలిటీకి ఏడాదిలో దొరికే చౌక డబ్బు. మార్చి 20 నాటికి డిమాండ్ నోటీసులు ఇంటికి చేరకపోతే ఆ ఏప్రిల్ పోయినట్టే.

15వ ఆర్థిక సంఘం (2021–26) నిధుల్లో పది లక్షల లోపు జనాభా ఊళ్లకు 60 శాతం ముడిపెట్టినవి: సగం తాగునీరు, వాననీటి సేకరణ, నీటి పునర్వినియోగానికి, సగం పారిశుధ్యానికి. మిగిలిన 40 శాతం స్వేచ్ఛగా వాడుకోవచ్చు కానీ జీతాలకు కాదు. ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టకపోతే, ఆస్తి పన్ను వసూళ్లు రాష్ట్ర వృద్ధి రేటుకు తగ్గట్టు పెరగకపోతే గ్రాంటు ఆగుతుంది. బిల్ కలెక్టర్ నిర్లక్ష్యానికి పారిశుధ్యం గ్రాంటు పోతుందన్న సంగతి చాలా కౌన్సిళ్లకు తెలియదు.

---

కుళాయి_చివర

ఎం_బుక్ గారు ఊరు మొత్తానికి ఒక అంకె ఇచ్చారు. అసలు చిక్కు పంపకంలో ఉంది.

ట్యాంకు సామర్థ్యం రోజు అవసరంలో మూడో వంతు ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. 9.5లో మూడో వంతు సుమారు 32 లక్షల లీటర్లు. ఊళ్లో 35 లక్షల లీటర్ల ట్యాంకులున్నాయి కదా, చాలు అంటారు. కానీ పాత బస్తీలో 20 లక్షలు, శివారులో సున్నా ఉంటే ఆ కూడికకు అర్థం లేదు. ట్యాంకు వారీగా దాని కింద ఉన్న ఇళ్లు లెక్కపెట్టాలి.

ఇక్కడే వార్డుల వారీ ప్రణాళిక బోర్లా పడుతుంది. వార్డు హద్దు జనం లెక్క చూసి గీసింది, ట్యాంకు పరిధి నేల ఎత్తును బట్టి వస్తుంది. ఒక ట్యాంకు కింద ఏడు వార్డుల ముక్కలుంటాయి, ఒక్కో వార్డు రెండు ట్యాంకుల కింద ఉంటుంది. ఒక కౌన్సిలర్ పట్టుబట్టి తన వీధికి అదనపు లైను వేయించుకుంటే అదే ట్యాంకు కింద చివరి వీధికి ఒత్తిడి పడిపోతుంది. అక్కడి జనం మోటార్లు బిగిస్తారు. మోటారు లాగినప్పుడు పైపులో ఒత్తిడి సున్నా కిందికి పోతుంది, సైడు కాలువ గుండా పోయే తుప్పుపట్టిన జీఐ (జింకు పూత ఇనుము) పైపు చిల్లులోంచి మురుగు లోపలికి వస్తుంది. వానాకాలంలో విరేచనాల కేసులు ఒకే వీధిలో రావడానికి కారణం ఎక్కువసార్లు ఇదే.

చేయాల్సింది: ఇంటి కనెక్షన్లు కాలువ అడుగున కాకుండా పైనుంచి తొడుగు పైపులో దాటించాలి, జీఐ తీసేసి ఎండీపీఈ (ప్లాస్టిక్) పైపు వేయాలి. 1999 మాన్యువల్ ప్రకారం రెండంతస్తుల ఇంటికి వీధి పైపులో కనీసం 12 మీటర్ల ఒత్తిడి ఉండాలి. ఒక అంతస్తుకు 7. చివరి కుళాయి దగ్గర వారానికోసారి ప్రెజర్ గేజ్ బిగించి రాసుకుంటే చాలు, పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

క్లోరిన్ కూడా చివరి కుళాయి దగ్గరే చూడాలి. అక్కడ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. ట్యాంకు దగ్గర పరీక్షించి రిజిస్టర్ నింపితే ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల మోతాదు అయితే 9.5 ఎంఎల్‌డీకి రోజుకు 19 కిలోల క్లోరిన్. 25 శాతం బలం ఉన్న బ్లీచింగ్ పౌడర్ అయితే 76 కిలోలు. ఆర్నెల్ల సరుకు ఒకేసారి కొని రేకుల షెడ్డులో పెడితే తేమకూ వేడికీ బలం పోతుంది, బస్తాలు మాత్రం లెక్కకు సరిగ్గానే ఉంటాయి.

---

సందుచివరిల్లు

> ట్యాంకు వారీగా దాని కింద ఉన్న ఇళ్లు లెక్కపెట్టాలి

వినడానికి బాగుంది కానీ ఏ వాల్వు ఏ వీధికో కాగితం మీద ఎక్కడుంది? ఫిట్టర్ బుర్రలో ఉంటుంది. ఆయన రిటైరైన రోజు ఊరి మ్యాపు కూడా రిటైరవుతుంది.

---

కుళాయి_చివర

నిజమే. అందుకే ప్రణాళికలో మొదటి నెల పని అదే కావాలి. డబ్బు పెద్దగా అక్కర్లేదు. ఇద్దరు ఫిట్టర్లు, వార్డు అమినిటీస్ కార్యదర్శులు కలిసి (తెలంగాణలో అయితే వార్డు ఆఫీసర్లు) ఒక్కో వాల్వు దగ్గర ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు తీసుకోవాలి. వాల్వుకు నంబరు, సైజు, ఎన్ని చుట్లకు మూతపడుతుంది, మూస్తే ఏ వీధులకు నీళ్లు ఆగుతాయి. చుట్ల సంఖ్య ముఖ్యం: సగం తెరిచి వదిలేసిన వాల్వులు పట్టుబడేది దానితోనే. ఎత్తైన చోట గాలి వదిలే ఎయిర్ వాల్వులు, పల్లంలో పైపు మడ్డి కడిగేసే స్కౌర్ వాల్వులు కూడా గుర్తించాలి. రోడ్డు వేసేటప్పుడు కప్పేసిన చాంబర్లు ఎన్నో అప్పుడే బయటపడతాయి.

---

కంపోస్టు_గుంత

చెత్త సంగతి చెబుతా. తలకు 350 గ్రాములు అనుకుంటే రోజుకు 21 టన్నులు. ఒక ఆటో టిప్పర్ ట్రిప్పుకు 650 కిలోలు మోస్తుంది, మూడు ట్రిప్పులు తిరుగుతుంది, కాబట్టి 11 బళ్లు చాలని ఇండెంట్ పెడతారు. ఆ లెక్కతో కొన్న ఊళ్లలో మధ్యాహ్నం మూడింటికి కూడా బండి రాని వీధులుంటాయి.

ఎందుకంటే ఇక్కడ అడ్డం పడేది బరువు కాదు, సమయం. ఒక్కో ఇంటి దగ్గర సగటున 20 సెకన్లు. యార్డుకు పోయి రావడానికి ట్రిప్పుకు 45 నిమిషాలు. ఏడు గంటల డ్యూటీలో రెండు ట్రిప్పులు పోతే మిగిలేది ఐదున్నర గంటలు, అంటే 990 ఇళ్లు. 15 వేల ఇళ్లకు 16 బళ్లు. రిపేరు కోసం ఇంకో రెండు. యార్డు పది కిలోమీటర్ల దూరంలో ఉంటే ఇంకా పెరుగుతాయి. ఊరి మధ్యలో ట్రాన్స్‌ఫర్ స్టేషన్ (చిన్న బళ్ల చెత్తను పెద్ద లారీకి మార్చే చోటు) ఒకటి కడితే బళ్లు తగ్గుతాయి. కానీ దాని వాసన భరించే వార్డు ఏదో తేల్చాల్సింది కౌన్సిల్.

21 టన్నుల్లో తడి చెత్త సగం, 10–11 టన్నులు. కుప్పలు పోసే పద్ధతిలో 30 రోజులు ఉంచాలి: 330 టన్నులు, సుమారు 660 ఘనపు మీటర్లు. అడుగు భాగం వెడల్పు మూడు మీటర్లు, ఎత్తు మీటరున్నర కుప్పలైతే 30 మీటర్ల పొడవువి పది. తిప్పడానికి మధ్యలో దారితో కలిపి 1,800 చదరపు మీటర్ల గచ్చు కావాలి. జల్లెడ షెడ్డు, నిల్వ కలిపితే రెండెకరాలు. కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటాలి, తేమ 50–60 శాతం ఉండాలి, వారానికోసారి తిప్పాలి. వానాకాలంలో పైకప్పు లేకపోతే కుప్ప కుళ్లి నల్లనీళ్లు కారతాయి. అప్పుడు పక్క పొలాల వాళ్లు గేటుకు తాళం వేస్తారు.

మూడు రకాలుగా వేరు చేయాలని 2016 నిబంధనల్లోనే చెప్పారు. బండిలో అరలు లేకపోతే జనం వేరు చేసి ఇచ్చినా కార్మికుడు కలిపేస్తాడు. వారం తర్వాత జనం కూడా మానేస్తారు. కాబట్టి అరలున్న బళ్లు ముందు, అవగాహన ర్యాలీలు తర్వాత.

---

ఈశాన్యవార్డు

చాలా ఉపయోగకరంగా ఉంది, ధన్యవాదాలు. భూగర్భ డ్రైనేజీ గురించి ఎవరైనా? అందరూ అడిగేది అదే.

---

మురుగు_లెక్క

అందరూ అడుగుతారు, నడపడానికి డబ్బుందా అని ఎవరూ అడగరు.

ముందు ఏ పథకంలో ఏముందో చూసుకోండి. అమృత్ 2.0 (పట్టణాల నీటికి కేంద్ర పథకం) 2021 అక్టోబర్‌లో మొదలైంది. అందులో నీటి సరఫరా అన్ని పట్టణాలకూ పెట్టారు, మురుగు పని మాత్రం మొదటి అమృత్‌లోని 500 నగరాలకే. లక్ష లోపు ఊళ్ల మురుగునీటి నిర్వహణ స్వచ్ఛ భారత్ 2.0 కింద పెట్టారు. అమృత్ నీటి పనుల్లో లక్ష లోపు ఊళ్లకు కేంద్రం వాటా 50 శాతం. తప్పు పథకానికి డీపీఆర్ రాసి ఏడాది పోగొట్టుకోవడం మామూలే.

60 వేల ఊరికి నా సలహా: మొత్తం వీధులకు పైపులు వద్దు. మల వ్యర్థాల శుద్ధి కేంద్రం ఒకటి, పెద్ద కాలువల నీటిని ఊరి చివర మళ్లించి శుద్ధి చేసే ఏర్పాటు ఒకటి. 15 వేల ఇళ్లలో 9 వేలకు సెప్టిక్ ట్యాంకులున్నాయనుకుంటే, మూడేళ్లకోసారి తీయిస్తే ఏడాదికి 3 వేలు, 300 పనిరోజులకు రోజుకు పది. ఒక్కోటి 4 కిలోలీటర్లు. 40 కిలోలీటర్ల కేంద్రం కావాలి. కానీ జనం పొంగిపొర్లితే గానీ పిలవరు, ఎనిమిదేళ్లకోసారి. ఆ లెక్కన రోజుకు 15 కిలోలీటర్లే వస్తుంది. 40 కట్టినవాళ్లు సగానికి పైగా ఖాళీగా నడుపుతారు. 20తో మొదలుపెట్టి, పక్కన జాగా వదిలి, ముందు వీధి వీధికీ వంతుల ప్రకారం తీసే పద్ధతి తీర్మానం చేయించండి. దాని చార్జీ ఆస్తి పన్నుతోపాటు వాయిదాలుగా వసూలు చేస్తే జనానికి భారం అనిపించదు. వరంగల్‌లో ప్రైవేటు ట్యాంకర్లకు లైసెన్సులిచ్చి నిబంధనలు పెట్టారు. చిన్న ఊళ్లకు కూడా పనికొచ్చే దారి అదే. లైసెన్సు షరతుల్లో మూడు తప్పనిసరి: జీపీఎస్, కేంద్రం గేటు రసీదు, మనుషుల్ని ట్యాంకులోకి దింపితే లైసెన్సు రద్దు. రక్షణ ఏర్పాట్లు లేకుండా దింపడం 2013 మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం కూడా.

సెప్టిక్ ట్యాంకు అని రాసి ఉన్నవాటిలో చాలావరకు అడుగు గచ్చు లేని గుంటలే. ఇంటి ప్లాను మంజూరులో టౌన్ ప్లానింగ్ వాళ్లు దీన్ని చూడకపోతే శుద్ధి కేంద్రానికి వచ్చేదేమీ ఉండదు.

---

ఎం_బుక్

సైడు కాలువల మీద ఒక మాట, ఇక్కడ ఇంకా రాలేదు. కాలువ ఎప్పుడూ చివరి నుంచి వెనక్కి కట్టుకుంటూ రావాలి. నీళ్లు పడే వాగు మట్టం ముందు కొలిచి, అక్కడి నుంచి వాలు లెక్కేసుకుంటూ వీధిలోకి రావాలి. వార్డు నిధులతో ముక్కలు ముక్కలుగా కట్టిన కాలువలు ఒకదాని అడుగు ఒకటి కన్నా ఎత్తులో ఉంటాయి, నీళ్లు నిలిచిపోతాయి. తర్వాత "పూడిక తీయడం లేదు" అని శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ను తిడతారు. ఆయన ఏం చేస్తాడు?

కొలత కోసం: విస్తీర్ణం హెక్టార్లలో, వాన తీవ్రత గంటకు మిల్లీమీటర్లలో, ప్రవాహ గుణకం (పడిన వానలో కాలువకు చేరే భాగం), మూడింటినీ గుణించి 360తో భాగించండి. పది హెక్టార్లు, 50 మిల్లీమీటర్లు, 0.7 గుణకం అయితే సెకనుకు 0.97 ఘనపు మీటర్లు. దానికి అడుగున్నర కాలువ చాలదు. కానీ చాలా ఊళ్లలో అన్ని వీధులకూ అదే అడుగున్నర నమూనా డ్రాయింగు.

ఇక రోడ్డు. పైపు, కనెక్షన్లు, కాలువ, ఆఖరున సీసీ రోడ్డు. ఈ వరుస తప్పితే ప్రతి రోడ్డూ రెండుసార్లు కొన్నట్టు. పాత రోడ్డు మీదే ఆరంగుళాలు పోస్తే ఇళ్లు పల్లమైపోతాయి. పాతది తవ్వి తీసే ఖర్చు ఎస్టిమేట్‌లో ఉండాలి. పోసిన రోజే లేదా మర్నాటికి కోతలు కోయాలి, నాలుగైదు మీటర్లకొకటి. రెండు రోజులాగితే కాంక్రీటు తనకిష్టమైన చోట పగులుతుంది. 14 రోజులు తడపాలి. వేసవిలో ట్యాంకర్ దొరక్క మూడో రోజే ఆపేస్తారు, ఏడాది తిరగకుండా పైపొర దుమ్ముగా లేస్తుంది. నీటి ఎద్దడి నెలల్లో సీసీ పనులకు వర్క్ ఆర్డర్ ఇవ్వకపోవడం కూడా ప్రణాళికే.

---

టేబుల్_అజెండా

ఇప్పుడు మనుషుల సంగతి. ఎంత మంచి లెక్కైనా కౌన్సిల్ హాల్లో నిలవాలి కదా.

చైర్‌పర్సన్‌ను కౌన్సిలర్లు ఎన్నుకుంటారు, కాబట్టి ప్రతి కౌన్సిలర్‌నూ సంతోషపెట్టాలి. నిధులు వార్డులకు సమానంగా పంచడం అందుకే. కమిషనర్ అమలు చేసే అధికారి, ఎప్పుడు బదిలీ అవుతారో తెలియదు. ఎమ్మెల్యే పదవి రీత్యా (ఎక్స్‌అఫీషియో) సభ్యులు. పథకాలు తెచ్చేది ఎక్కువగా ఆయనే. ముగ్గురూ మూడు కాలాల్లో ఆలోచిస్తారు. ఐదేళ్ల ప్రణాళికకు సొంతదారు ఎవరూ లేరు.

దీనికి మందు ఏమిటంటే, నిధుల్ని మొదట్లోనే మూడు ముక్కలు చేసి తీర్మానం చేయించడం. నడిపే ఖర్చు, మరమ్మతులకు కదపరాని వాటా. ట్యాంకు పరిధి, కాలువ పరిధి వారీగా ఉమ్మడి పనులకు పెద్ద వాటా. వార్డులకు సమానంగా పంచేందుకు చిన్న వాటా. ఆ చిన్న వాటా తీసేస్తే ప్రణాళికే ఆమోదం పొందదు, దాన్ని అవినీతిలా చూడకండి. ఉమ్మడి వాటా కోసం ఒకే ట్యాంకు కింది కౌన్సిలర్లను కలిపి కూర్చోబెట్టాలి. 36 మంది మధ్య తేలనిది ఏడుగురి మధ్య తేలుతుంది.

అజెండా ప్రతులు సభ్యులకు ముందే ఇచ్చి, సమావేశం రోజున బల్ల మీద పెట్టే అంశాలను అత్యవసరాలకే పరిమితం చేయాలి. పెద్ద చెల్లింపులు, లీజులు, రేటు పెంపులు టేబుల్ అజెండాగా వస్తున్నాయంటే ప్రణాళిక చచ్చినట్టే. అసమ్మతి ఉంటే నోట్ రాసి మినిట్స్‌లో చేర్చమని అడగండి. నోటితో అరిచింది రికార్డు కాదు.

గడువు ముగిసి ఎన్నికలు ఆలస్యమైతే ప్రత్యేకాధికారి వస్తారు. తెలంగాణలో 2020 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2025 జనవరితో ముగిశాక అదే జరిగింది. అలాంటప్పుడు కొత్త పనులు ఆగినా పంపు, బండి, బ్లీచింగ్ ఆగకూడదు. అందుకే వార్షిక నిర్వహణ ఒప్పందాలు పాలకవర్గం గడువుతోపాటు ముగిసేలా పెట్టుకోవద్దు.

---

చెరువుకట్ట

వార్డు కమిటీల ముచ్చట మరిచిన్రు. రాజ్యాంగంల 3 లక్షల జనాభా దాటిన ఊర్లకే అవి తప్పనిసరి. గని తెలంగాణ 2019 చట్టం చిన్న ఊర్లకు కూడా పెట్టింది: వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కోదాంట్ల 15 మంది. యువత, మహిళలు, వయో వృద్ధులు, ప్రముఖులు. పేర్లు రాసి ఫైల్ల పెట్టుడు కాదు, చివరి కుళాయి ప్రెజర్, బండి వచ్చిన టైము, ఎలగని వీధి దీపాల లెక్క వాళ్లకే అప్పజెప్తే రిజిస్టర్ల అబద్ధాలు తగ్గుతయి. బడ్జెట్ల 10 శాతం హరిత పద్దు కూడా అదే చట్టం. మొక్కలు పెట్టేముందు నీళ్ల ట్యాంకర్ డీజిల్ అండ్ల రాయుర్రి.

---

సందుచివరిల్లు

డీసీబీ గారూ, నీటి చార్జీ పెంచకుండా ఇవన్నీ నడుస్తాయా? పెంచితే ఓడిపోతామని భయం.

---

డీసీబీ_రిజిస్టర్

పెంచడం కన్నా ముందు ఉన్నది రాబట్టాలి. పది వేల కనెక్షన్లు, నెలకు వంద రూపాయలైతే డిమాండ్ 1.2 కోట్లు. 60 శాతం వసూలైతే 72 లక్షలు. పంపింగ్ కరెంటే 57 లక్షలని పైన తేలింది. మిగిలిన 15 లక్షల్లో ఫిట్టర్లు, క్లోరిన్, లీకులు, మోటారు రీవైండింగ్. చాలదు. 90 శాతం వసూలైతే 1.08 కోట్లు, ఊపిరాడుతుంది. 15 వేల ఇళ్లకు పది వేల కనెక్షన్లే ఉంటే మిగతా ఐదు వేల ఇళ్లు ఏం తాగుతున్నాయి? కొన్ని బోర్లు, కొన్ని వీధి కుళాయిలు, చాలావరకు లెక్కలో లేని కనెక్షన్లు. ఒకసారి గడువు పెట్టి, జరిమానా లేకుండా డిపాజిట్ వాయిదాల్లో కట్టించుకుని క్రమబద్ధం చేయండి. రేటు ముట్టుకోకుండానే డిమాండ్ పెరుగుతుంది.

ఆ తర్వాత పెంచాలనుకుంటే మొదటి రెండేళ్లలో, ఏటా కొంచెంగా, సరఫరా బాగుపడిన ట్యాంకు పరిధిలో ముందు. నీళ్లు రాని వీధికీ వచ్చే వీధికీ ఒకేరోజు పెంచితే ఆ తీర్మానం నెల కూడా నిలవదు.

---

ఈశాన్యవార్డు

అందరూ రాసినదాన్ని బట్టి మొదటి ఏడాదికి ఇలా అనుకుంటున్నా: మొదటి మూడు నెలలు వాల్వు మ్యాపు, అసెస్‌మెంట్ల సరిపోలిక, కాలువల మట్టాల కొలత. తర్వాత ఆర్నెల్లు కనెక్షన్ల క్రమబద్ధీకరణ, పంపుల సామర్థ్య పరీక్ష, అరలున్న బళ్లు. సీసీ రోడ్లు రెండో ఏడాది నుంచి. తప్పులుంటే చెప్పండి.

---

టేబుల్_అజెండా

సీసీ రోడ్లు పూర్తిగా ఆపితే మొదటి సమావేశంలోనే గొడవ. పైపు, కాలువ రెండూ ఇప్పటికే సరిగ్గా ఉన్న వీధుల జాబితా తీయించండి. ఎంత లేదన్నా కొన్ని దొరుకుతాయి. అవి మొదటి ఏడాదిలో వేయండి.

---

ఎం_బుక్

పంపుల పరీక్షను మూడు నెలల తర్వాతికి నెట్టకండి, మొదటి వారంలోనే చేయండి. ఫ్లో మీటరు లేకపోతే సంపులో మట్టం ఎన్ని నిమిషాల్లో ఎన్ని సెంటీమీటర్లు తగ్గిందో కొలిస్తే చాలు. ఆ సమయంలో సంపులోకి వచ్చే వాల్వు మూసి ఉంచాలి, అది మర్చిపోతే లెక్క తప్పుతుంది. డెలివరీ గేజ్ రీడింగు, విద్యుత్ మీటరు రీడింగు అదే గంటలో రాసుకోండి. సామర్థ్యం 60 శాతం కన్నా తక్కువొస్తే ఇంపెల్లర్, వేర్ రింగులు మార్చే ఎస్టిమేట్ రాసి వచ్చే సమావేశం అజెండాలో పెట్టించండి. స్టాండ్‌బై పంపును కూడా అదే రోజు నడిపి చూడండి, చాలాచోట్ల అది పెయింటుతో మాత్రమే బాగుంటుంది.